పాత రేవాకు లిథియం బ్యాటరీ వేయించాలా, కొత్త చిన్న ఎలక్ట్రిక్ కారు కొనాలా?

మీరు అడిగింది ఇదీ. బెంగళూరులో మీ బావగారి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో 2009 నాటి రేవా-ఐ అనే చిన్న ఎలక్ట్రిక్ కారు నాలుగేళ్లుగా కదలకుండా ఉంది, ఊరికే తీసుకెళ్లమంటున్నారు. మీరుండేది విజయవాడ, అక్కడి ఎండకు బ్యాటరీ ఏమవుతుందోనని టెన్షన్, ఆఫీసుకు రానూపోనూ 24 కిలోమీటర్లు. దానికి లిథియం బ్యాటరీ వేయించుకుని నడపడం మంచిదా, లేక ఎంజీ కామెట్ లాంటి కొత్త చిన్న కారు కొనుక్కోవాలా? దేశంలో అందరికంటే ముందు వచ్చి కూడా రేవా ఎందుకు నిలబడలేదని చివర్లో ఇంకో మాట కూడా అడిగారు. అది తెలిస్తే మొదటి ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే, అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను 2006 నుంచి బెంగళూరులో బ్యాటరీ బండ్ల పని చేస్తున్నాను. మొదటి ఆరేడేళ్లు నా చేతుల మీదుగా వెళ్లినవి ఎక్కువగా రేవాలే. ఇప్పుడు ఆటోలకు, చిన్న ట్రాలీలకు లిథియం ప్యాక్‌లు కడుతున్నాను. ఆ కారంటే నాకు ఇష్టం. అయినా లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే చెబుతాను.

అందరికంటే ముందు వచ్చిందన్న మాటను కొంచెం సరిచేయాలి. 1993లోనే ఎడ్డీ ఎలక్ట్రిక్ అనే కంపెనీ జపాన్ యాస్కావాతో కలిసి లవ్‌బర్డ్ అనే చిన్న ఎలక్ట్రిక్ కారును ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో చూపించింది. అవి అమ్ముడుపోయింది చాలా కొద్ది. జనం నిజంగా కొని ఏళ్ల తరబడి నడిపిన మొదటి ఎలక్ట్రిక్ కారు రేవా. బెంగళూరు మైనీ గ్రూపు, కాలిఫోర్నియాలోని అమెరిగాన్ కలిసి తొంభైల మధ్యలో మొదలుపెట్టిన పని అది. దాని వెనకున్న చేతన్ మైనీ మిషిగన్ యూనివర్సిటీలో చదువుకునేటప్పుడు సోలార్ కారు కట్టిన జట్టులో ఉన్నారు. 1990లో ఆ కారు ఆస్ట్రేలియాను ఉత్తరం నుంచి దక్షిణానికి దాటే పోటీలో మూడో స్థానంలో వచ్చింది. సోలార్ కారు కట్టినవాళ్లకు ఒక అలవాటు అబ్బుతుంది. ప్రతి కిలోనూ, ప్రతి వాట్‌నూ లెక్కపెట్టుకుంటారు. రేవా ప్యానెళ్లు విప్పి చూసిన ప్రతిసారీ నాకు ఆ అలవాటే కనిపించేది.

2001లో అమ్మకానికి వచ్చింది. పొడవు 2.64 మీటర్లు, అంటే యాక్టివా కంటే 80 సెంటీమీటర్లే ఎక్కువ. వెడల్పు 1.32 మీటర్లు. ఉక్కు గొట్టాల ఫ్రేము, దాని మీద ఏబీఎస్ ప్లాస్టిక్ ప్యానెళ్లు. గోడకు రాసుకుంటే గీత పడుతుంది కానీ సొట్ట పడదు. రెండు తలుపులు, ముందు ఇద్దరు పెద్దవాళ్లు, వెనక ఇద్దరు పిల్లలు. గేర్లు లేవు. మూడున్నర మీటర్ల వ్యాసార్ధంలో తిరిగిపోతుంది. మల్లేశ్వరం సందుల్లో ఆటోవాళ్లు రెండుసార్లు వెనక్కీ ముందుకూ ఆడించే చోట ఇది ఒక్క మలుపులో తిరిగేది. బ్రేకు వేస్తే మోటారే జనరేటర్‌గా మారి కొంత కరెంటును బ్యాటరీకి తిప్పి పంపేది. ఈ రోజు షోరూముల్లో రీజెన్ అని గొప్పగా చెబుతున్నది 2001లోనే ఈ కారులో ఉంది.

మరి ఏది తక్కువైంది? ముందు సీట్లు లేపితే కనిపిస్తుంది.

సీట్ల కింద ఎనిమిది లెడ్-యాసిడ్ బ్యాటరీలు. ఒక్కొక్కటి 6 వోల్టులు, 200 ఆంపియర్-అవర్. వరుసగా కలిపితే 48 వోల్టులు. బ్యాటరీల బరువే 270 కిలోల దాకా ఉంటుంది, అంటే మొత్తం కారు బరువులో మూడో వంతుకు పైన. 48ని 200తో గుణిస్తే 9.6 యూనిట్లు. ఇంటి మీటరులో తిరిగే యూనిట్లే ఇవి కూడా. కానీ లెడ్-యాసిడ్‌కు ఒక స్వభావం ఉంది. మెల్లగా, గంటల తరబడి తీసుకుంటేనే పూర్తిగా ఇస్తుంది. గంటా గంటన్నరలో లాగేస్తే అరవై, అరవై ఐదు శాతం దగ్గరే చేతులెత్తేస్తుంది. అడుగంటా లాగితే ప్లేట్ల ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి కొంత మిగల్చాలి. అలా చేతికి వచ్చేది ఐదు, ఐదున్నర యూనిట్లు. ఇంత బరువున్న కారు ఊళ్లో కిలోమీటరుకు సుమారు యూనిట్‌లో పదో వంతు తింటుంది. ఇంకేముంది, యాభై, యాభై ఐదు కిలోమీటర్లు. కంపెనీ చెప్పిన 80 అబద్ధం కాదు. సమంగా, మెల్లగా, ఒక్కరే, చదును రోడ్డు మీద వెళితే వస్తుంది. బెంగళూరులో అలాంటి రోడ్డు తెల్లవారుజామున నాలుగింటికి తప్ప దొరకదు.

ఇది కూడా చాలామందికి సరిపోయేది. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు 50 వచ్చినా ఇబ్బంది లేదు. అసలు దెబ్బ మూడో ఏడాదిలో తగిలేది.

ఒక కారు సంగతి చెబుతాను. 2010 ఏప్రిల్‌లో జయనగర్ నుంచి ఒక పెద్దాయన తెచ్చారు. నెల రోజుల్లో 55 కిలోమీటర్లది 25కి పడిపోయిందని బెంగగా చెప్పారు. సీటు తీసి, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో ఒక్కో సెల్ చూశాను. ఎనిమిది బ్యాటరీలు, ఒక్కోదానిలో మూడు, మొత్తం 24 సెల్లులు. ఇరవై మూడింట్లో సాంద్రత 1.250కి అటూ ఇటూ ఉంది. ఐదో బ్యాటరీ మధ్య సెల్‌లో గొట్టంలోని తేలుడు బుడిపె నేరుగా అడుక్కి దిగిపోయింది, 1.150. టార్చి వేసి లోపలికి చూస్తే ప్లేట్ల అంచులు పైకి తేలి, ఎండిపోయి, తెల్లగా పొడి పట్టి ఉన్నాయి. రేవాలో ఒకే గొట్టంతో అన్ని సెల్లులకూ డిస్టిల్డ్ వాటర్ వెళ్లే ఏర్పాటు ఉంది, చక్కటి ఏర్పాటు. కానీ ఆ ఒక్క సెల్ మీది చిన్న ఫ్లోట్ వాల్వ్ తుప్పుపొడితో బిగుసుకుపోయింది. పెద్దాయన పద్ధతిగా నీళ్లు పోస్తూనే ఉన్నారు. ఆ సెల్‌కు మాత్రం చుక్క వెళ్లలేదు.

వరుసగా కలిపిన సెల్లుల్లో ఒక్కటి చస్తే అక్కడితో ఆగదు. అది ముందే ఖాళీ అవుతుంది, మిగతా ఇరవై మూడూ దాని గుండా కరెంటు తోస్తూనే ఉంటాయి, దాంట్లో ధన రుణాలు తిరగబడతాయి, వేడెక్కుతుంది. ఆ బ్యాటరీ ఒక్కటి మారిస్తే సరిపోదా అని ఆయన అడిగారు. కొత్తది పాతవాటి పక్కన కూర్చుంటే ఛార్జింగ్‌లో దాని లెక్క దానిది, వాటి లెక్క వాటిది. ఆరు నెలల్లో ఇంకోటి పోతుంది. చివరికి మొత్తం సెట్ మార్చాల్సి వచ్చింది. ఆ బిల్లు చూసినప్పుడు ఆయన ముఖం నాకింకా గుర్తుంది. నెలనెలా పెట్రోలు మీద మిగిల్చుకున్నదంతా ఒక్క రోజులో వెనక్కి ఇచ్చినట్టయింది.

నా లెక్కలో రేవాను దెబ్బతీసింది ఇదే. మోటారు కాదు, దానికి కరెంటును కొలిచి పంపే కంట్రోలరు కాదు, రూపం కూడా కాదు. ప్రతి మూడేళ్లకూ ఒకసారి కొనుక్కున్నవాడిని బెదరగొట్టే బ్యాటరీ బిల్లు. పైగా లెడ్-యాసిడ్‌కు 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుందని మా పనిలో మోటు లెక్క ఉంది. బెంగళూరు చల్లని ఊరు కాబట్టి మూడేళ్లు వచ్చాయి. విజయవాడ మే నెలలో అంతకాలం వచ్చి ఉండేవి కావు.

విదేశంలో ఇదే కారుకు వేరే కథ నడిచింది. లండన్ నడిబొడ్డులోకి కారు తెస్తే రోజుకు రుసుము కట్టాలని 2003 ఫిబ్రవరిలో పెట్టారు. ఎలక్ట్రిక్ కార్లకు అప్పట్లో అది మాఫీ. 2004 నుంచి రేవా అక్కడ జీ-విజ్ పేరుతో అమ్ముడైంది. రుసుము లేదు, చాలాచోట్ల పార్కింగ్ కూడా ఉచితం. ఆ మిగులు ముందు బ్యాటరీ ఖర్చు వాళ్లకు పెద్దగా అనిపించలేదు. కారు అదే, బ్యాటరీ అదే. చుట్టూ ఉన్న లెక్క మారింది, అంతే. మొత్తమ్మీద పాతిక దాకా దేశాల్లో నాలుగు వేలకు పైగా రేవాలు తిరిగాయి.

కానీ అక్కడే దాని ఇంకో బలహీనత బయటపడింది. యూరప్ చట్టంలో అది కారు కాదు, క్వాడ్రిసైకిల్. బ్యాటరీలు తీసేస్తే 400 కిలోలకు లోపు ఉండే నాలుగు చక్రాల బండి. కారుకు చేయాల్సిన క్రాష్ టెస్ట్ దానికి అవసరం లేదు. 2007లో అక్కడ దాన్ని గుద్దించి చూసినప్పుడు వచ్చిన ఫలితాలు బాగా లేవు, పెద్ద చర్చే జరిగింది. తర్వాత వచ్చిన రేవా-ఐలో ముందు డిస్క్ బ్రేకులు, ముందు భాగానికి అదనపు బలం ఇచ్చారు. డీసీ మోటారు పోయి మూడు ఫేజుల ఏసీ మోటారు వచ్చింది, గరిష్ఠ వేగం 65 నుంచి 80కి పెరిగింది. మీ బావగారిది ఈ రకమే. అయినా అందులో ఎయిర్‌బ్యాగ్ లేదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తాను.

2009లో లిథియం రేవా వచ్చింది, 120 కిలోమీటర్లు అన్నారు. ధర మాత్రం సామాన్యుడికి అందేది కాదు. 2010 మేలో మహీంద్రా 55.2 శాతం వాటా కొన్నది. 2013 మార్చిలో రేవా తర్వాతి కారు ఈ2ఓ వచ్చింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 100 కిలోమీటర్లు, బొమ్మసంద్రలో కొత్త ఫ్యాక్టరీ, అన్నీ సరిగ్గా కుదిరాయి. కాలం ఒక్కటే కుదరలేదు. ఎలక్ట్రిక్ బండ్లకు కేంద్రం ఇచ్చే రాయితీ 2012 మార్చితో ముగిసింది, మళ్లీ రాయితీ తెచ్చిన ఫేమ్ పథకం 2015 ఏప్రిల్‌లో కానీ మొదలవలేదు. సరిగ్గా ఆ మూడేళ్ల ఖాళీలో ఈ కారు షోరూములో నిలబడింది. ఢిల్లీలో ఆన్-రోడ్ 5.96 లక్షలు. ఆ డబ్బుకు స్విఫ్ట్ పెట్రోలు కారు ఇంటికొచ్చేది. రెండు తలుపుల చిన్న బండిని ఎవరు కొంటారు? 2016లో నాలుగు తలుపులతో ఈ2ఓ ప్లస్ వచ్చింది, 2019కల్లా అదీ ఆగిపోయింది.

ఇప్పుడు మీరు చెప్పిన కామెట్ దగ్గరికి రండి. 2023లో వచ్చింది, చైనా, ఇండోనేషియాల్లో వూలింగ్ ఎయిర్ పేరుతో ఉన్న కారే. పొడవు 2.97 మీటర్లు, రేవా కంటే ఒక అడుగు చిల్లర ఎక్కువ. బ్యాటరీ 17.3 యూనిట్లు, లిథియం ఐరన్ ఫాస్ఫేటే. మోటారు 42 హార్స్‌పవర్, కాగితం మీద 230 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని ఊళ్లో తిరిగితే 160, 180 వస్తున్నాయని నా దగ్గరికొచ్చేవాళ్లు చెబుతున్నారు. రేవా కాగితం మీద 9.6, చేతికి ఐదున్నర. కామెట్ కాగితం మీద 17.3, చేతికి దాదాపు అంతా. తేడా అక్కడుంది. లిథియంను గంటలో లాగినా, ఐదు గంటల్లో లాగినా ఇంచుమించు అంతే ఇస్తుంది. రెండు ఎయిర్‌బ్యాగులు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు ఉన్నాయి. ఇది చట్టప్రకారం కారే, కారుకు చేసే పరీక్షలన్నీ దాటి వచ్చింది.

ఇక మీ రేవాకు లిథియం వేయడం. చేయవచ్చు. నేనే నాలుగైదు చేశాను. అయితే పాత బ్యాటరీలు తీసి కొత్తవి పెట్టేయడం అనుకుంటే మాత్రం పొరపాటు.

సెల్లుల లెక్క ముందు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ 3.2 వోల్టులు. పదహారు వరుసగా పెడితే 51.2, కారుకు సరిపోతుంది. 200 ఆంపియర్-అవర్ సెల్లులైతే పది యూనిట్లు పైన, అందులో తొమ్మిది హాయిగా వాడుకోవచ్చు. మీ 24 కిలోమీటర్లకు మూడు రోజులకు ఒకసారి ఛార్జింగ్ పెట్టినా చాలు. సెల్లుల బరువు అరవై డెబ్భై కిలోలు, పెట్టె, సెల్లులను కలిపే లోహపు పట్టీలు (బస్‌బార్లు) కలిపి వంద లోపే. అంటే కారు 170 కిలోలకు పైగా తేలికవుతుంది. వినడానికి బాగుంది కదా. కానీ ఆ స్ప్రింగులు 270 కిలోల సీసం మోయడానికి చేసినవి. బరువు తీసేస్తే కారు లేచి నిలబడుతుంది, స్పీడ్ బ్రేకరు మీద గంతులేస్తుంది. స్ప్రింగులు మార్చాలి. సెల్లులు ఎంత కిందికి వీలైతే అంత కిందికి, ట్రే అడుగున గట్టిగా బిగించాలి.

అసలు ప్రమాదం ఛార్జర్‌తో. రేవా ఛార్జర్ లెడ్-యాసిడ్ కోసం చేసింది. అది అప్పుడప్పుడూ సెల్లులన్నిటినీ సమానం చేయడానికి వోల్టేజీని 60 దాటించి కాసేపు ఉంచుతుంది. లెడ్-యాసిడ్‌కు అది మందు లాంటిది. మీ పదహారు లిథియం సెల్లులకు పైహద్దు 58.4 వోల్టులు, ఒక్కోదానికి 3.65. పాత ఛార్జర్‌ను అలాగే ఉంచితే ఏదో ఒక రాత్రి అది హద్దు దాటుతుంది. అప్పుడు బీఎంఎస్ ఒక్కటే దిక్కు, అంటే సెల్లులను కనిపెట్టుకుని ఉండి, హద్దు దాటితే కరెంటు ఆపేసే బోర్డు. రక్షణకు ఉన్నదాన్ని రోజువారీ స్విచ్చిలా వాడకూడదు. కొత్త ఛార్జర్ కొనండి, దీంట్లో పొదుపు చూడొద్దు.

బీఎంఎస్ అన్నాను కాబట్టి ఇంకో సంగతి. ఈ కారు గరిష్ఠ శక్తి 13 కిలోవాట్లు. 48 వోల్టుల దగ్గర అది 270 ఆంపియర్లు. రెండేళ్ల కిందట ఒకాయన వేరేచోట లిథియం వేయించుకుని నా దగ్గరికి లాక్కొచ్చారు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే నడిమధ్యలో కారు ఆగిపోతోందట. పెట్టె తెరిస్తే 100 ఆంపియర్ల బీఎంఎస్ ఉంది, ఆటోలకు వేసేది. చదును మీద బాగానే నడిచింది, ఎక్కుడు రాగానే 200 దాటింది, అది తన పని తాను చేసింది, కరెంటు కట్. వెనక లారీలు. పక్క సీట్లో భార్య, ఒళ్లో పాప. ఆయన ఆ మాట చెబుతున్నప్పుడు గొంతు వణికింది. ఎవరు వేసినా సరే, నిలకడగా 200, కాసేపటికి 300 ఆంపియర్లు మోయగల బీఎంఎస్, కాంటాక్టర్ (కరెంటును కలిపి, తెంపే పెద్ద స్విచ్చి) ఉన్నాయో లేదో మీరే చదివి చూసుకోండి.

అంత కరెంటులో అతుకులు కూడా ముఖ్యమే. ఒక టెర్మినల్ దగ్గర ఒక మిల్లీఓమ్ నిరోధం ఉందనుకోండి. చాలా చిన్న సంఖ్య, వదులైన నట్టు చాలు. 270 ఆంపియర్ల దగ్గర అక్కడ పుట్టే వేడి 73 వాట్లు. ఇంట్లో వాడే సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ. సీసపు పోస్టు కరిగి కన్నీటి చుక్కలా జారి గడ్డకట్టడం నేను చూశాను. అదే శక్తి 300 వోల్టుల కారులో 43 ఆంపియర్లతో తీరిపోతుంది, ఆ అతుకులో వేడి నలభయ్యో వంతుకు తగ్గుతుంది. మరి 48 ఎందుకు పెట్టారంటే, 60 వోల్టుల లోపు డీసీ ముట్టుకున్నా ప్రాణానికి పెద్ద ప్రమాదం లేదు, ఫోర్క్‌లిఫ్ట్‌ల విడిభాగాలు చవగ్గా దొరికేవి. ఆ రోజులకు అది తెలివైన నిర్ణయమే. మీరు మాత్రం బిగింపు ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచితో బిగించి, నెలకోసారి చేయి పెట్టి చూడాలి.

రీజెన్ సంగతి చాలామంది మర్చిపోతారు. నిండా ఛార్జ్ చేసి, ఇంటి నుంచి దిగుతూనే పల్లంలో బ్రేకు వేస్తే ఆ కరెంటు వెళ్లడానికి చోటుండదు. బీఎంఎస్ తలుపు మూసేస్తే వోల్టేజీ ఎగిరి కంట్రోలరు మీద పడుతుంది. అందుకని 90 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేలా పెట్టుకోండి. అలాగే డాష్‌బోర్డులో బ్యాటరీ ముల్లును నమ్మొద్దు. లెడ్-యాసిడ్ ఖాళీ అయ్యేకొద్దీ వోల్టేజీ మెట్టుమెట్టుగా దిగుతుంది, పాత కంప్యూటరు దాన్ని నమ్ముకునే లెక్క వేస్తుంది. లిథియం 90 నుంచి 20 శాతం దాకా ఇంచుమించు ఒకే వోల్టేజీ చూపించి ఆ తర్వాత ఒక్కసారిగా కూలుతుంది. షంట్ (కరెంటును కొలవడానికి వేసే చిన్న లోహపు పట్టీ) వేసి, వెళ్లిన ఆంపియర్లను లెక్కపెట్టే చిన్న మీటరు విడిగా పెట్టించుకోండి.

విజయవాడ ఎండ గురించి టెన్షన్ పడుతున్నారు కదా, అది సరైన టెన్షనే. ఈ సెల్లులను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెలలో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు లోపల ఇంకా ఎక్కువే ఉంటుంది. ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టకుండా రాత్రి పదకొండు తర్వాత, లేదా తెల్లవారుజామున పెట్టండి. ఏసీ కూడా లెక్కలోకి తీసుకోండి. ఎండాకాలం అది కిలోవాట్ దాకా తింటుంది. ట్రాఫిక్‌లో గంటకు సగటున 15 కిలోమీటర్లు వెళ్లారనుకోండి, ఆ గంటలో ఏసీ ఒక యూనిట్ వాడింది, నడపడానికి ఒకటిన్నర యూనిట్ అయింది. అంటే కారు తిన్న కరెంటులో ఐదింట్లో రెండు వంతులు ఏసీకే పోయాయి. అదే 40 స్పీడులో ఖాళీ రోడ్డైతే ఏసీ వాటా ఐదో వంతుకు పడిపోతుంది. ట్రాఫిక్‌లో మైలేజీ ఎందుకు తగ్గిందని అడిగేవాళ్లందరికీ ఇదే జవాబు. ఈ లెక్క కొత్త కార్లకూ వర్తిస్తుంది.

ప్లగ్గు విషయం కూడా చెప్పాలి. రేవా అయినా, కొత్త కారైనా ఇంట్లో ఛార్జింగ్ అంటే గంటల తరబడి పది, పదిహేను ఆంపియర్లు ఒకే సాకెట్ గుండా వెళ్లడం. గీజరుకు అరగంట వాడే సాకెట్ ఏడు గంటలు మోయలేక నల్లబడుతుంది. మీటరు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మంచి 16 ఆంపియర్ల సాకెట్, ఎంసీబీతో పాటు షాక్ కొట్టకుండా కరెంటు ఆపే ఆర్‌సీసీబీ, కొలిచి చూసిన ఎర్తింగ్. ఎలక్ట్రీషియన్ పర్లేదంటే వినకండి, చేయించుకోండి.

కాగితాల సంగతి. 2009 బండి కాబట్టి ఆర్‌సీకి పదిహేనేళ్లు నిండిపోయాయి. ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. కర్ణాటక నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, పన్ను. బ్యాటరీ రకం మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పుగా తీసుకుంటే ఆర్టీఓ అనుమతి కావాలి. అది తేలకుండా ఇన్సూరెన్స్ కట్టించుకున్నా, రేపు ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి తేల్చుకోండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి సూటిగా చెబుతాను. మీ ఇంట్లో ఉండే ఒకే ఒక కారు ఇదే అయ్యేట్టయితే, పిల్లల్ని స్కూల్లో దింపడానికీ, హైవే మీద గుంటూరు వెళ్లడానికీ ఇదే అయితే, వద్దు. ఎంత మంచి బ్యాటరీ వేసినా ఆ ఫ్రేము 2001 నాటి ఆలోచన, ఎయిర్‌బ్యాగ్ లేదు. కొత్త చిన్న కారు తీసుకోండి. అదీ హైవేకు కాదు, ఊరికి. అలా కాకుండా ఇంట్లో వేరే కారు ఉండి, ఆఫీసుకు లోపలి రోడ్ల మీద వెళ్లే దారి ఉండి, స్పానర్ పట్టుకోవడం మీకు ఇష్టమైతే, రేవాను బతికించండి. నాలుగేళ్లుగా సెల్లార్‌లో ఉన్నా మోటారుకు ఏమీ అయ్యి ఉండదు, ఆ ఇండక్షన్ మోటారులో అరిగిపోవడానికి బేరింగులు తప్ప పెద్దగా ఏమీ లేవు. నేను భయపడేది ఒక్కదానికే. యాసిడ్ కారి బ్యాటరీ ట్రే, దాని కింది ఫ్రేము గొట్టాలు తినేసి ఉంటే, ఆ కారు మీద రూపాయి కూడా పెట్టొద్దు.

ఈసారి బెంగళూరు వెళ్లినప్పుడు పాత చొక్కా, రబ్బరు గ్లౌజులు వేసుకుని, బకెట్‌లో తినే సోడా కలిపిన నీళ్లు పక్కన పెట్టుకుని ముందు సీట్లు లేపండి. బ్యాటరీలు పైకి తీయించి ట్రే మీద తెల్లపొడిని ఆ నీళ్లతో కడగండి. తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో ట్రే మూలల్లోనూ, ఫ్రేము వెల్డింగుల దగ్గరా గట్టిగా పొడిచి చూడండి. లోహపు చప్పుడు వస్తోందా, మొన లోపలికి దిగుతోందా? ఆ నాలుగు మూలల ఫోటోలు, కింద జాకీ పెట్టే చోటు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. మిగతాది అవి చూశాక చెబుతాను.